పిడిలో దాగిన ఆట

నాగారమునకు చేరువనున్న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ 1967లో స్థాపితమైనది. టెలివిజన్ సెట్లనుకూడ తయారుచేసినది. ఆ సెట్టు బొమ్మను చూపునేగాని చూచువాని చేతికి లోబడదు గదా! లోబరచవలెనను ఊహ 1966లో అమెరికాలో రాల్ఫ్ బేర్ అను ఇంజనీరునకు కలిగినది. దాని ఫలితమే 1972లో వెలువడిన ‘ఒడిస్సీ’. ఆ పెట్టెలో కంప్యూటరు లేదు. ట్రాన్సిస్టర్లు, డయోడ్లు మాత్రమే. రంగులకై తెరపై రంగుల ప్లాస్టిక్ పొరను అంటించెడివారు.

మూడు దశాబ్దములలో ఆ పెట్టె అంతయు ఆటగాడు పట్టుకొను పిడిలోనే ఇమిడిపోయినది. 2004లో మొదలైన మహావీరుని కార్టూను ‘ది బ్యాట్‌మాన్’ ఆధారముగా జాక్స్ పసిఫిక్ సంస్థ తెచ్చిన ఆట ఇట్టిదే. పిడిలో బ్యాటరీలు వేసి, దాని తీగలను టీవీకి తగిలించిన చాలును. పసుపు తీగ బొమ్మను మోయును. వేరుగా క్యాసెట్టుతో పనిలేదు. ఆట యావత్తు లోపలి చిప్పులోనే యున్నది.

ఆ సౌకర్యమే దానికి ముప్పు. ఇట్టి చౌక ఆటవస్తువులలో చిప్పును తరచుగా నల్లని జిగురు ముద్దతో కప్పుదురు. చెడినచో మార్చుట కష్టము. నేటి అనేక టీవీలకు పసుపు తీగ తగిలించు చోటే లేదు. పుస్తకము పాతదైనను చదువవచ్చును. ఈ ఆట మాత్రము తగిన టీవీ లేనిదే మూగపోవును. కావున బీరువాలోని పాత పిడిని పారవేయకముందు ఒక్కమారు ఆలోచింపుడు: అదియు చరిత్రకు సాక్ష్యమే.