టేబిల్ టెన్నిసు బ్యాటు: చరిత్ర నేర్పిన పాఠము



కొల్లేటి లంకలలో పెరిగినవారికి నేను క్రొత్తగా చెప్పవలసినది లేదు. పెద్దకన్నుల వలనుండి చిన్నచేప జారిపోవును. సన్నని నూలు వలను పెద్దచేప చించుకొని పోవును. కావున వల మంచిదా యని మనవా రడుగరు. ఏ చేపకు, ఏ నీటికి అని యడుగుదురు. ఈ వివేకము టేబిల్ టెన్నిసు ఆటకును వర్తించును. పిల్లల యాటతో పెద్దలకు పని యేమని తలపవలదు. ఆడువారు పిల్లలైనను, బ్యాటునకు సొమ్మిచ్చువారము మనమే కదా!

ఈ యాట 19వ శతాబ్దాంతమున ఇంగ్లండులో భోజనపు బల్లలపై వినోదముగా పుట్టినది. మొదటి బ్యాట్లలో కొన్ని డప్పువలె తోలు బిగించినవి. పిమ్మట వట్టి కొయ్య వచ్చెను. 20వ శతాబ్దారంభమున ఆ కొయ్యపై బొడిపెల రబ్బరు నంటించిరి. 1926లో లండనులో ప్రథమ ప్రపంచ పోటీలు జరిగినప్పుడు భారతీయులును పాల్గొనిరి. ఆ కాలమున బ్యాట్లన్నియు ఇంచుమించు ఒక్క తీరువే. భేద మంతయు చేతిలోనే యుండెను. హంగరీ వీరుడు విక్టర్ బార్నా వ్యక్తిగత విజేతృత్వమును అయిదుమారులు గెలిచినది అట్టి బ్యాటుతోనే.

1952లో ప్రపంచ పోటీలు మొదటిసారిగా ఆసియాకు, మన బొంబాయికి వచ్చెను. అందు హిరోజీ సతో అను జపాను క్రీడాకారుడు దళసరి స్పంజి నంటించిన బ్యాటుతో దిగెను. బొడిపెల రబ్బరున బంతి తగిలిన టక్కుమను చప్పుడు వచ్చును. ఆ చప్పుడును బట్టియే ఎదుటివారు దెబ్బను అంచనా వేసికొనెడివారు. స్పంజి చప్పుడు చేయదు. మహామహులు కలవరపడిరి, సతో విజేత యయ్యెను. వివాదము పెరుగగా 1959లో అంతర్జాతీయ సమాఖ్య వట్టి స్పంజిని నిషేధించి, రబ్బరు స్పంజి కలిసిన పొర 4 మిల్లీమీటర్లు మించరాదని శాసించెను. రెండు వైపుల వేర్వేరు గుణముల రబ్బరు నంటించి, రంగు మాత్రము ఒక్కటే యుంచి ఎదుటివారిని భ్రమింపజేయు పద్ధతియు వచ్చెను. 1986 నుండి ఒక వైపు నలుపు, రెండవ వైపు ఎరుపు ఉండవలె నను నియమము దానికి అడ్డుకట్ట వేసెను. 2021 నుండి ఎరుపునకు బదులు మరికొన్ని రంగులకును అనుమతి కలదు.

ఇట్లు బ్యాట్లు బహువిధము లైనవి. దాడి చేయువానికి నునుపు రబ్బరు, దళసరి స్పంజి. వెనుకకు నిలిచి ఓపికతో త్రిప్పికొట్టువానికి మెత్తని కొయ్య, పలుచని స్పంజి. పొడవు బొడిపెలు ఎదుటివాడు త్రిప్పిన బంతి తిరుగుడును వానిమీదికే మరల్చును. క్రొత్తగా నేర్చువానికి మాత్రము మధ్యరకమే మేలు.

నేను దీనిని నష్టపడి తెలిసికొంటిని. మా మనుమడు ఏలూరులో పోటీకి పోవునప్పుడు, వెల యెక్కువైనదే మేలైనదని తలచి తాడేపల్లిగూడెములో మిక్కిలి వేగముగల బ్యాటును కొనియిచ్చితిని. వాడు స్వభావముచే ఓపికగా ఆడువాడు. వాని బంతులన్నియు బల్ల దాటిపోసాగెను. తాత మనసు నొచ్చునని మూడు మాసములు నోరు మెదపలేదు. ఆట మానెద నన్ననాడు గాని నాకు సంగతి తెలియలేదు. తప్పు వానిది కాదు, నాది. తక్కువ వెలకే పలుచని స్పంజి బ్యాటు వచ్చెను. వాడు మరల బల్లయొద్దకు పోయెను.

మన పశ్చిమగోదావరిలోని ఆచంట పేరే యింటిపేరుగా గల శరత్ కమల్, హైదరాబాదు యువతి ఆకుల శ్రీజ, 2022లో బర్మింగుహామున కామన్వెల్తు క్రీడలలో మిశ్రమ జంటల స్వర్ణపతకము గెలిచిరి. వారి బ్యాటెట్టిదో తెలిసికొని అట్టిదే కొనిన మన పిల్లవానికి వారి యాట రాదు. వాని యాటను ముందుగా కొన్నాళ్లు చూడుడు, గురువు నడుగుడు, వాని నోటనే వినుడు. పిమ్మట సంచి విప్పుడు.

సెలవు.