గడ్డికి ప్లాస్టిక్ కుట్టు

సెనెగల్‌లోని థియెస్ ప్రాంతంలో బుట్టలు ఇప్పటికీ ఆడవాళ్ల చేతుల మీదే తయారవుతాయి. మాసిన బట్టలు వేసుకునే మూత బుట్టలు, రొట్టెల పళ్లేలు, వెడల్పాటి చేటలు. వాటి మీది ఎరుపు, నీలం, ఆకుపచ్చ చారలు దూరానికే కనబడతాయి. దగ్గరికెళ్లి చూస్తే లోపలున్నది ఎండు గడ్డి, పైన మెరిసేది ప్లాస్టిక్.

మన మేదరులు వెదురు బద్దల్ని నిలువుగా, అడ్డంగా ఒకదానిలోంచి ఒకటి దూర్చి అల్లుతారు. థియెస్‌లో ఈ బుట్టలు చేసే వోలోఫ్ తెగ ఆడవాళ్ల పని అలాంటిది కాదు. దీన్ని అల్లిక అనడం కంటే కుట్టు అనడమే సరి. గడ్డి పోచల్ని వేలి లావు కట్టగా పట్టుకుని, దాని చుట్టూ పట్టీ చుడుతూ, అడుగు నడిమధ్య నుంచి గుండ్రంగా తిప్పుకుంటూ వస్తారు. ములుకుతో కింది వరసలో సందు చేసి, అందులోంచి పట్టీ దూర్చి బిగించి లాగుతారు. గడ్డి పలచబడిన చోట కొత్త పోచలు చేరుస్తారు. వరసను పక్కకు పెడుతూ పోతే చేట, మీదికి పెడుతూ పోతే బుట్ట గోడ.

ఈ పట్టీ ఒకప్పుడు తాటిజాతి చెట్ల ఆకు నుంచి వచ్చేది. ఆకు కోసి, ఆరబెట్టి, సన్నగా చీల్చి, నానబెట్టి, తడి ఆరకముందే కుట్టాలి. జొన్నలు, సజ్జలు చెరగడానికి, పిండి దాచుకోవడానికి, సంతకు సరుకు మోయడానికి ఇంటింటా ఈ బుట్టలే ఉండేవి.

ఈ విద్య సముద్రం కూడా దాటింది. పశ్చిమ ఆఫ్రికా నుంచీ, కాంగో, అంగోలా ప్రాంతాల నుంచీ బానిసలుగా పట్టుకుపోయిన మనుషుల్ని 17వ శతాబ్దం చివరి నుంచి అమెరికాలోని కరొలైనా వరి పొలాల్లో దింపారు. దంచిన ధాన్యం చెరగడానికి అక్కడ వాళ్లు కుట్టుకున్న వెడల్పాటి చేటలు ఇదే పద్ధతివి. వాళ్ల సంతతివారైన గల్లా ప్రజలు ఆ పనిని వదల్లేదు. చార్ల్స్‌టన్ దగ్గర మౌంట్ ప్లెజెంట్‌లో 17వ నంబరు హైవే పక్కన 1930ల నుంచి బుట్టల దుకాణాలున్నాయి. 2006లో దక్షిణ కరొలైనా ఈ బుట్టను రాష్ట్ర అధికారిక హస్తకళగా ప్రకటించింది. అక్కడ పట్టీ నేటికీ తాటిజాతి ఆకే. ములుకు స్థానంలో మాత్రం అరగదీసిన చెంచా కాడ చేరింది.

పాత పట్టీని విడిచిపెట్టింది ఆఫ్రికా తీరమే. సెనెగల్ ఇళ్లలో కూర్చోవడానికీ నమాజుకూ ప్లాస్టిక్ చాపలు మామూలయ్యాయి. చాపలకు వాడే ప్లాస్టిక్ పట్టీలు, వాటి తయారీలో మిగిలిన ముక్కలు బుట్టలు కుట్టేవాళ్ల చేతికి అందాయి. వీటికి ఆకు కోయడం, చీల్చడం, నానబెట్టడం అక్కర్లేదు. తడికి కుళ్లవు, లాగితే తెగవు, రంగులద్దే పని కూడా లేదు. గడ్డి మాత్రం మారలేదు. బుట్టకు బరువూ బిగువూ ఇచ్చేది అదే. ఇప్పుడు యూరప్, అమెరికా ఇళ్లలో బట్టల బుట్టగా అమ్ముడుపోయే సెనెగల్ సరుకు ఇలా పుట్టినదే.

చాపల ముక్కలు పనికొచ్చే సరుకుగా దొరికాయి. క్యారీబ్యాగు చెత్తగానే వచ్చిపడింది. పాలిథీన్‌ను 1933లో ఇంగ్లండ్‌లోని ఐసీఐ అనే రసాయన కంపెనీ ప్రయోగశాలలో అనుకోకుండా కనుగొన్నారు. స్వీడన్‌కు చెందిన సెల్లోప్లాస్ట్ కంపెనీ, ఇంజినీరు స్టెన్ గుస్తాఫ్ థులిన్ రూపొందించిన చేతిసంచికి 1965లో అమెరికా పేటెంటు పొందింది. 1980లలో అమెరికా సూపర్ మార్కెట్లు కాగితం సంచుల నుంచి దానికి మళ్లాయి. ఆఫ్రికా పల్లెలకు అది చేరేసరికి, పారేసిన చెత్తను ఎత్తుకెళ్లే మనిషి గానీ బండి గానీ ఆ ఊళ్లలో లేదు. అంతకుముందు పారేసినదేదైనా మట్టిలో కలిసేది. సంచి కలవలేదు.

సెనెగల్ మూడు వైపులా చుట్టుకున్న చిన్న దేశం గాంబియా. అందులోని న్జావు అనే పల్లెలో ఈ సంగతి ముందుగా మేకలతో బయటపడింది. తిండి వాసన అంటిన సంచుల్ని మేకలు మింగి చచ్చిపోయేవి. సంచుల్లో నిలిచిన వాన నీళ్లలో దోమలు పెరిగేవి. తగలబెడితే పొగ. 1972లో ఆ ఊళ్లోనే పుట్టి, చదువు మధ్యలో ఆపేసిన ఇసాటు సీసే 1997లో మరో నలుగురు ఆడవాళ్లతో కలిసి ఆ సంచుల్ని ఏరడం మొదలుపెట్టింది.

పని తీరు తేలికే. సంచిని కడిగి, ఆరబెట్టి, మడిచి, అంచులు తీసేసి సన్నటి చుట్లుగా కోస్తారు. చుట్టుకు చుట్టు ముడివేసి దారంలా పొడవు చేస్తారు. ఆ దారంతో కొక్కెం సూది పట్టుకుని క్రోషా అల్లితే చిల్లర డబ్బుల పర్సులు, చేతి సంచులు తయారవుతాయి. చెత్తకుప్పలు తవ్వే పని అని ఊళ్లో నవ్వారు. ఆడవాళ్లు ముందుండి నడిపే సంఘం మగవాళ్లకు నచ్చలేదు. దాంతో కొంతకాలం ఆ పని గుట్టుగా సాగింది. పర్సులు పట్నంలో అమ్ముడై డబ్బు చేతికందాక నవ్వులు తగ్గాయి, సభ్యులు పెరిగారు. రచయిత్రి మిరాండా పాల్ ఈ కథను పిల్లల బొమ్మల పుస్తకంగా రాయగా, అది 2015లో వెలువడింది.

ప్లాస్టిక్ ఒకటే అయినా ఊరికో పద్ధతి. దక్షిణ ఆఫ్రికాలోని డర్బన్‌లో జూలూ రాత్రి కాపలాదారులు పనికిరాని టెలిఫోన్ తీగల్ని మొదట చేతికర్రల మీద అల్లారు. ఆ తర్వాత బీరు కుండల మీద కప్పే తాటాకు మూత ఆకారంలో రంగురంగుల గిన్నెలు అల్లారు. ఆ తీగకున్న రంగు ప్లాస్టిక్ తొడుగుదే. గుజరాత్‌లోని కచ్‌లో, భుజ్ దగ్గర కుక్మాలో ఉన్న ఖమీర్ సంస్థ పాత సంచుల్ని కడిగించి, పట్టీలుగా కోయించి, మగ్గం మీద నేయిస్తుంది. అక్కడ నేత పని తరతరాలుగా ఉంది మరి. ఎవరి చేతికి ఏ పని తెలిస్తే ప్లాస్టిక్ ఆ పనికే లొంగింది. బయటివాళ్లు వచ్చి నేర్పిన కొత్త విద్యలా చూస్తే ఈ చరిత్ర సగమే అర్థమవుతుంది.

ఇదంతా చెత్త సమస్యకు పరిష్కారమని చెప్పడమూ సరికాదు. ఒక పర్సుకు కావలసిన సంచులు కొన్నే, ఒక్క సంతరోజున ఊళ్లోకి వచ్చిపడేవి అంతకు ఎన్నో రెట్లు. తయారైనవి కొనేదీ ఎక్కువగా పర్యాటకులూ, పరాయి దేశాల దుకాణాలే. ఆ రాక తగ్గితే ఆదాయం తగ్గుతుంది. ప్రభుత్వాలు చట్టం దారి పట్టక తప్పలేదు. సెనెగల్ 2015 మే నెలలో పలుచని సంచులను నిషేధిస్తూ చట్టం చేసి, అది పూర్తిగా అమలుకాకపోవడంతో 2020లో మరో చట్టం తెచ్చింది. గాంబియాలో నిషేధం 2015 జూలై 1న అమల్లోకి వచ్చింది. న్జావులో ఐదుగురు ఆడవాళ్లు కుప్పల్లోంచి సంచులు ఏరడం మొదలుపెట్టి అప్పటికి పద్ధెనిమిదేళ్లు.