ప్రసవ వేదన ఉపశమనం: ఎపిడ్యూరల్ కాని పద్ధతుల చరిత్ర

వెన్నులో సన్నని గొట్టం అమర్చి మందు ఎక్కించే ఎపిడ్యూరల్ కాకుండా, కాన్పు నొప్పులను తగ్గించే పద్ధతులు మూడు రకాలు: పీల్చే వాయువులు, ఇంజెక్షన్లు, మందుల అవసరం లేని ఉపాయాలు. వీటిలో నైట్రస్ ఆక్సైడ్ చరిత్ర విశిష్టమైనది.

తొలి కాలం

19వ శతాబ్దానికి ముందు చాలా దేశాల్లో పురుడు మంత్రసాని చేతిమీదుగానే జరిగేది. నడుము మర్దన, కాపడం, అటూ ఇటూ నడిపించడం, కొన్నిచోట్ల నల్లమందు మాత్రమే ఆధారం.

ఈథర్, క్లోరోఫామ్

1847 జనవరి 19న ఎడిన్‌బరోలో ప్రసూతి వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్, కటి భాగం ఇరుకుగా ఉన్న ఒక గర్భిణికి ఈథర్ పీల్పించి కాన్పు చేశాడు. దాని ఘాటు నచ్చక మరో మందు కోసం వెతికాడు. ఆ ఏడాది నవంబర్ 4 రాత్రి తన ఇంట్లో సహాయకులు జార్జ్ కీత్, మాథ్యూస్ డంకన్‌లతో కలిసి క్లోరోఫామ్ పీల్చగా ముగ్గురూ స్పృహ తప్పారు. కొద్ది రోజుల్లోనే దాన్ని పురుళ్లలో వాడడం మొదలుపెట్టాడు.

1853 ఏప్రిల్ 7న విక్టోరియా రాణికి యువరాజు లియోపోల్డ్ పుట్టినప్పుడు లండన్ వైద్యుడు జాన్ స్నో క్లోరోఫామ్ ఇచ్చాడు. చేతిరుమాలును గరాటులా మడిచి, నొప్పి వచ్చినప్పుడల్లా కొన్ని చుక్కలు వేసి పీల్పించాడు. 53 నిమిషాలపాటు అలా ఇచ్చినా రాణి స్పృహ కోల్పోలేదు. 1857లో బీట్రిస్ పుట్టినప్పుడూ ఆయననే పిలిపించారు. పురుళ్లలో మత్తు వాడకంపై వైద్యుల్లో ఉన్న వ్యతిరేకత ఈ రెండు పురుళ్ల తర్వాత చాలావరకు సద్దుమణిగింది.

క్లోరోఫామ్ ఎంత సురక్షితమన్న వివాదం హైదరాబాద్ దాకా వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు భరించగా, అక్కడి వైద్యుడు ఎడ్వర్డ్ లారీ చొరవతో 1888, 1889లలో రెండు కమిషన్లు జంతువులపై ప్రయోగాలు జరిపాయి. ప్రమాదం ముందుగా శ్వాసకే తప్ప గుండెకు కాదన్న వాటి తీర్మానం తర్వాతి పరిశోధనల ముందు నిలవలేదు.

నైట్రస్ ఆక్సైడ్

లాఫింగ్ గ్యాస్‌గా పేరుపడిన ఈ వాయువుకు నొప్పి తగ్గించే గుణం ఉందని హంఫ్రీ డేవీ 1800లోనే రాశాడు. కాన్పుల్లో దాన్ని మొదట క్రమబద్ధంగా పరీక్షించినది సెయింట్ పీటర్స్‌బర్గ్ వైద్యుడు స్తనిస్లావ్ క్లికోవిచ్. 80 పాళ్ల నైట్రస్ ఆక్సైడ్, 20 పాళ్ల ఆక్సిజన్ కలిపి 25 మంది స్త్రీలకు ఇచ్చి, ఫలితాలను 1881లో ప్రకటించాడు. అప్పటి పరికరాలు బరువైనవి, ఖరీదైనవి కావడంతో ఆ ప్రయత్నం వ్యాపించలేదు.

లివర్‌పూల్ వైద్యుడు రాబర్ట్ మిన్నిట్ 1933లో ఆ లోటు తీర్చాడు. ఆయన యంత్రం నైట్రస్ ఆక్సైడ్‌ను మామూలు గాలితో కలిపేది. మాస్కు గర్భిణి చేతిలోనే ఉండేది. మత్తు ఎక్కువైతే చెయ్యి సడలి మాస్కు దానంతటదే జారిపోయేది. డాక్టరు పక్కన లేకపోయినా మంత్రసానులు దీన్ని వాడవచ్చని 1936లో బ్రిటన్ కేంద్ర మంత్రసానుల మండలి అనుమతించింది. అంతవరకు స్తోమత గలవారికే దొరికిన ఉపశమనం ఇంటి పురుళ్లకూ చేరింది. అయితే ఈ మిశ్రమంలో ఆక్సిజన్ 10 శాతం దాకా పడిపోయేది. ఆ లోపాన్ని 1961లో వైద్యుడు మైకేల్ టన్‌స్టాల్ సరిచేశాడు. నైట్రస్ ఆక్సైడ్, ఆక్సిజన్‌లను సగం సగంగా ఒకే సిలిండర్‌లో నింపే ఆ మిశ్రమమే ఎంటొనాక్స్. దానికి 1965లో మంత్రసానుల మండలి ఆమోదం లభించింది. చలి సుమారు మైనస్ 6 డిగ్రీలకు దిగితే మాత్రం రెండు వాయువులూ విడిపోతాయి. అందుకే చలిదేశాల్లో సిలిండర్‌ను వెచ్చగా ఉంచి, తలకిందులు చేసి కలిపాకే వాడతారు.

వాయువు పూర్తిగా పనిచేయడానికి అర నిమిషానికి పైగా పడుతుంది. కాబట్టి నొప్పి తీవ్రమయ్యాక కాకుండా, మొదలవుతుండగానే పీల్చాలి. నొప్పి తగ్గగానే మాస్కు పక్కన పెట్టేస్తే కొద్ది నిమిషాల్లో మత్తు దిగిపోతుంది.

ఇతర పద్ధతులు

20వ శతాబ్ది తొలి దశకంలో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో మార్ఫిన్, స్కోపొలమిన్ కలిపి ఇచ్చే ‘ట్వైలైట్ స్లీప్’ వాడుకలోకి వచ్చింది. అది నొప్పి కంటే దాని జ్ఞాపకాన్నే ఎక్కువగా చెరిపేది. 1939లో వెలువడిన నొప్పి తగ్గించే ఇంజెక్షన్ మందు పెథిడిన్‌ను సొంత బాధ్యతపై ఇచ్చే అధికారం బ్రిటిష్ మంత్రసానులకు 1950లో దక్కింది.

భయం, బిగుసుకుపోవడం, నొప్పి ఒకదాన్నొకటి పెంచుతాయని బ్రిటిష్ వైద్యుడు గ్రాంట్లీ డిక్-రీడ్ 1933లో వాదించాడు. ఫ్రెంచ్ వైద్యుడు ఫెర్నాండ్ లమాజ్ 1951లో సోవియట్ యూనియన్‌లో చూసిన శ్వాస సాధనను పారిస్‌కు తెచ్చాడు. ఫ్రాన్స్‌లోని పితివియేలో గోరువెచ్చని నీటి తొట్టెలను ప్రవేశపెట్టిన అనుభవాన్ని వైద్యుడు మిషెల్ ఓదాన్ 1983లో ప్రచురించాడు. చర్మం మీద స్వల్ప విద్యుత్ ప్రేరణ ఇచ్చే టెన్స్ పరికరం 1970లలో స్వీడన్‌లో మొదలైంది.

వర్తమానం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సిఫారసుల్లో ఓపియాయిడ్ (నల్లమందు జాతి) మందులతోపాటు శ్వాస సాధన, మర్దన, వెచ్చని కాపడం, గర్భిణి కోరుకున్న తోడు చోటు చేసుకున్నాయి. ఇలాంటి తోడ్పాటు మంత్రసానుల పనిలో భాగమే; తెలంగాణ ప్రభుత్వం 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తో కలిసి నర్సులకు మిడ్‌వైఫరీ (మంత్రసాని విద్య) శిక్షణ ప్రారంభించింది. కేంద్ర ప్రభుత్వం 2018 డిసెంబరులో మిడ్‌వైఫరీ సేవలపై జాతీయ మార్గదర్శకాలు విడుదల చేసింది. బ్రిటన్ ప్రసూతి గదుల్లో ఎంటొనాక్స్ నేటికీ నిత్య వాడుకలో ఉంది.