రూత్ క్రాఫర్డ్ సీగర్ విన్న తీరు

అమెరికన్ స్వరకర్త రూత్ క్రాఫర్డ్ సీగర్ 1931లో రాసిన స్ట్రింగ్ క్వార్టెట్ మూడో భాగంలో పాడుకోవడానికి వరస అంటూ ఏదీ దొరకదు. రెండు వయొలిన్లు, వియోలా, చెల్లో. నాలుగూ పొడుగాటి స్వరాలు పట్టి నిలుపుతాయి. ఒకటి పెరుగుతుంటే మరొకటి తగ్గుతుంది. ఏ క్షణాన ఏది పైకి తేలితే దాని స్వరమే చెవిని పడుతుంది. అలా ఒక్కో వాద్యం నుంచి ఒక్కో స్వరం ఏరుకుంటూ పోతే, అప్పుడు తెలుస్తుంది అసలు వరస. వయొలిన్ వాయించేదాన్ని గనక చెబుతున్నాను, కమాను ఒత్తిడిని అంత నెమ్మదిగా పెంచి, సరిగ్గా సమయానికి పక్కవాళ్లకు చోటిచ్చి తగ్గడం దుడుకు వాయింపు కన్నా చాలా కష్టం.

నాలుగో భాగం పూర్తిగా లెక్క. మొదటి వయొలిన్ 1 స్వరంతో మొదలై, 2, 3 అంటూ 20 దాకా పెరుగుతుంది. మిగతా మూడూ 20తో మొదలై 1కి దిగుతాయి. తర్వాత అంతా అర్ధస్వరం పైన వెనక్కి నడుస్తుంది. మన కచేరీలు విన్నవాళ్లకు ఇది పెరుగుతూ పోయే స్రోతోవహ యతి, తగ్గుతూ పోయే గోపుచ్ఛ యతి ఒకేసారి ఎదురుబొదురుగా నడిచినట్టుంటుంది.

ఇంత లెక్క తెలిసిన మనిషి ఎక్కడినుంచి వచ్చింది? 1901లో ఒహాయో రాష్ట్రంలో, ఒక మెథడిస్టు పాస్టరు ఇంట పుట్టింది. తండ్రి క్షయతో పోయాక తల్లి ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో అద్దెకుండేవాళ్లకు గదులిచ్చి, భోజనం పెట్టి ఇల్లు నడిపింది. రూత్ పియానో పాఠాలు చెప్పింది. 1921లో షికాగో చేరింది. అక్కడ కవి కార్ల్ శాండ్‌బర్గ్ కూతుళ్లకు పియానో నేర్పుతూ, 1927లో ఆయన అచ్చువేసిన జానపద గీతాల సంపుటిలో కొన్నింటికి పియానో సహకారం రాసింది. అప్పటినుంచే జానపదం ఆమె చెవిలో ఉందన్నమాట. తర్వాత న్యూయార్క్‌లో చార్లెస్ సీగర్ దగ్గర సంగీత రచన చదువుకుంది. ఆడవాళ్లు సంగీత రచన చేయగలరా అని మొదట్లో ఆయనకు అనుమానం! 1930లో గుగెన్‌హైమ్ ఫెలోషిప్ వచ్చింది; సంగీత రచనకు దాన్ని అందుకున్న తొలి మహిళ ఆమే. ఆ డబ్బుతో బెర్లిన్ వెళ్లింది. అక్కడ ఉండగానే క్వార్టెట్ రాసింది. 1932లో ఆమె, సీగర్ పెళ్లి చేసుకున్నారు.

పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక రాయడం మానేసిందని ఆమె గురించి రాసేవాళ్లు అంటుంటారు. రచనలు తగ్గిపోయిన మాట నిజం. నలుగురు పిల్లలు, ఆర్థిక మాంద్యం, ఇల్లు గడవడానికి పియానో పాఠాలు. ఆ రాయని రచనల కోసం నాకు బాధగానే ఉంటుంది. కానీ ఆ చెవి మూసుకుపోయిందంటే ఒప్పుకోను.

1936లో కుటుంబం వాషింగ్టన్ మారింది. జానపద గీతాలు సేకరించే జాన్ లోమాక్స్, ఆయన కొడుకు అలన్ పల్లెల్లో, జైళ్లలో రికార్డు చేసిన పాటలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉండేవి. వాటిని నొటేషన్‌లోకి దించే పని రూత్ చేపట్టింది. ఒకే పాటను పదుల సార్లు వినేది. పాడేవాడు ఒక చరణంలో అర మాత్ర ఎక్కువ ఆగితే, ఆగినంతా రాసేది. వరసను చక్కని తాళంలో సర్దేయడం తేలిక, కానీ ఆమె సర్దలేదు. క్వార్టెట్‌లో నాలుగు వాద్యాల ఊపిరిని విడివిడిగా లెక్కపెట్టిన చెవే ఇక్కడా పనిచేసింది.

1937లో కెంటకీ ఫిడేలు వాద్యకారుడు బిల్ స్టెప్ వాయించిన ‘బోనపార్ట్స్ రిట్రీట్’ అలాంటిదే. రూత్ రాసిన నొటేషన్ 1941లో ‘అవర్ సింగింగ్ కంట్రీ’ పుస్తకంలో వచ్చింది. మరుసటి ఏడే స్వరకర్త ఏరన్ కోప్లాండ్ ఆ వరసను దాదాపు ఉన్నదున్నట్టు తన ‘రోడియో’ బాలేలోకి తీసుకున్నాడు. ‘హో-డౌన్’ పేరుతో అది అమెరికా అంతా మోగింది. దాన్ని ఆస్వాదించే వాళ్లలో స్టెప్ పేరు గానీ, రూత్ పేరు గానీ తెలిసినవాళ్లు అరుదు. నాకది అన్యాయంగానే తోస్తుంది.

1948లో పిల్లల కోసం జానపద గీతాల పుస్తకం తెచ్చింది. 1952లో మళ్లీ సొంత రచనకు పూనుకుని విండ్ క్వింటెట్‌కు ఒక సూట్ రాసింది, దానికి బహుమతీ వచ్చింది. మరుసటి ఏడు నవంబరులో క్యాన్సర్ ఆమెను తీసుకుపోయింది. అప్పటికి 52 ఏళ్లు.

‘అవర్ సింగింగ్ కంట్రీ’కి ముందుమాటగా ఆ పాటల నడక గురించి, వాటిని కాగితం మీద పెట్టే పద్ధతి గురించి ఆమె చాలా పెద్ద వ్యాసం రాసింది. మరీ పొడుగైందని అందులో వేయలేదు. అది 2001లో విడి పుస్తకంగా అచ్చయింది. విన్న పాటకు నొటేషన్ రాయడం నేర్చుకునే ప్రతి ఒక్కరూ ముందు దాన్ని చదవాలి.