పండ్ల ఈగ నుండి తల్లి రక్తము వరకు

మంజీరానది ఒడ్డున, బాన్సువాడ ప్రాంతమున, బీర్కూరు అను ఊరు కలదు. అచ్చట గాని, మరి యే తెలుగు పల్లెలో గాని, గర్భిణీ స్త్రీ పరీక్షకు వచ్చినపుడు తప్పక చేయవలసిన పని చేతికి పట్టీ చుట్టి రక్తపుపోటు చూచుట. మూత్రములో ఆల్బుమిన్ పోవుచున్నదేమో కూడ పరీక్షింతురు. ఇరువదవ వారము దాటిన పిమ్మట రక్తపుపోటు 140/90కి చేరి, మూత్రమున ఆల్బుమిన్ కనిపించినచో సాధారణముగ దానిని ప్రీఎక్లాంప్సియా అందురు. అది ముదిరి మూర్ఛలు వచ్చుటయే మన పెద్దలు గుర్రపువాతమని భయపడిన వ్యాధి. తల్లిని, బిడ్డను కూడ బలిగొనగల ఈ వ్యాధిలో రక్తమున ఏమి మారుచున్నది? దొరకిన సమాధానములలో ఒకటి చాల దూరమున, ఈగలను పెంచు ప్రయోగశాలలో, ఒక పొరపాటుతో మొదలైనది.

1960 ప్రాంతమున ఇటలీలోని నేపుల్స్ నగరమున ఫెరుచ్చో రిటోస్సా అను యువ శాస్త్రజ్ఞుడు డ్రోసోఫిలా అను పండ్ల ఈగ క్రోమోసోములను పరిశీలించుచుండెను. ఈ ఈగ పిల్లపురుగు లాలాజల గ్రంథులలోని క్రోమోసోములు మిక్కిలి పెద్దవి. సామాన్య సూక్ష్మదర్శినిలోనే చక్కగ కనిపించును. ఏ జన్యువు చురుకుగ పనిచేయుచున్నదో అచ్చట క్రోమోసోము ఉబ్బును. ఒకనాడు సహోద్యోగి యొకరు తెలియక ఇన్‌క్యుబేటరు వేడిని పెంచిరి. రిటోస్సా చూడగా, మునుపు లేని చోట్ల కొత్త ఉబ్బులు! వేడి తగిలిన కొద్ది నిమిషములలోనే అవి పుట్టుచున్నవని ఆయన తేల్చెను. వ్యాసమును ఒక ప్రసిద్ధ పత్రికకు పంపగా, జీవశాస్త్రమున దీనికి ప్రాముఖ్యము కనబడదని త్రిప్పిపంపిరి. 1962లో ‘ఎక్స్‌పీరియెన్షియా’ పత్రిక దానిని ప్రచురించినది. త్రిప్పిపంపిన సంపాదకుని మరీ నిందింప పనిలేదు. ఈగ గ్రంథిలోని ఉబ్బునకు, పురిటిగదికి సంబంధమున్నదని ఆనాడు ఎవరు ఊహింపగలరు?

ఆ ఉబ్బుల వలన తయారగు వస్తువేదో తెలియుటకు 12 ఏండ్లు పట్టినది. 1974లో అమెరికాలోని కాల్‌టెక్ విద్యాసంస్థ నుండి ఆల్ఫ్రెడ్ టిస్సియేర్, హెర్షెల్ మిచెల్, ఉర్సులా ట్రేసీ అనువారు, వేడి తగిలిన ఈగ కణములలో కొన్ని మాంసకృత్తులు విశేషముగ తయారగుచున్నవని చూపిరి. వీటికి ఉష్ణాఘాత ప్రోటీనులని పేరు వచ్చెను. వేడి ఒక్కటియే గాదు, ప్రాణవాయువు కొరత, కొన్ని విషపదార్థములు కూడ వీటిని పుట్టించును గనుక ఒత్తిడి ప్రోటీనులనుటయే సబబు. బాక్టీరియా మొదలు వరిమొక్క, మానవుని వరకు అన్నిట ఇవి కలవు. అణుభారము సుమారు 70,000 గల దానిని హెచ్‌ఎస్‌పీ 70 అందురు.

వీటి పని యేమి? కోడిగ్రుడ్డును ఉడికించినపుడు తెల్లసొన గట్టిపడుట అందరెరిగినదే. ప్రోటీను ఒక నిర్ణీత రీతిని ముడుచుకొని యున్నపుడే పనిచేయును. వేడికి ఆ మడతలు విడి, పొరుగు ప్రోటీనులతో చిక్కుపడి గడ్డకట్టును. జీవకణమునకు అంత వేడి అక్కరలేదు. కొద్ది డిగ్రీల పెరుగుదలయే ప్రమాదము. ఒత్తిడి ప్రోటీను విడిన భాగమును పట్టుకొని, చిక్కుపడనీయక, తిరిగి ముడుచుకొను అవకాశమిచ్చును. హైదరాబాదులో సీసీఎంబీ అని ప్రసిద్ధమైన కణ, అణుజీవశాస్త్ర కేంద్రమున 1990 దశకములో చింతలగిరి మోహనరావు, ఆయన సహచరులు కంటి కటకములోని ఆల్ఫా క్రిస్టలిన్ ఇట్టి కాపలా ఎట్లు కాయునో, వేడిమితో ఆ శక్తి ఎట్లు హెచ్చునో పరిశోధించిరి. అదియు ఒత్తిడి ప్రోటీనుల కుటుంబములోనిదే.

అయితే కణములోపల కాపలా కాయవలసిన వస్తువు రక్తములో ఎందుకుండవలె? 1998లో ఇంగ్లండులోని షెఫీల్డు పరిశోధకులు ఆరోగ్యవంతుల రక్తరసములో సైతము హెచ్‌ఎస్‌పీ 70 కలదని చూపిరి. అప్పటినుండి ప్రసూతి వైద్యుల దృష్టి దీనిపై పడినది. ప్రీఎక్లాంప్సియా రోగులలో దీని కొలత గురించి 2002లో వియన్నా నుండియు, 2005లో జపాను నుండియు వ్యాసములు వెలువడెను. ఎక్కువ పని జరిగినది బుడాపెస్టులో. బాలింత జ్వరము నుండి తల్లులను కాపాడిన సెమ్మెల్‌వైస్ పేరనున్న విశ్వవిద్యాలయమున ఆటిలా మోల్వరెట్స్ బృందము, ఆరోగ్యముగ సాగు గర్భములో ఈ ప్రోటీను గర్భము లేని స్త్రీలకంటె తక్కువగ నుండుననియు, ప్రీఎక్లాంప్సియాలో హెచ్చుననియు 2006 మొదలు 2009 వరకు వెలువడిన వ్యాసములలో చూపినది.

ఈ తగ్గుదల గమనింపదగినది. కణము వెలుపలికి వచ్చిన హెచ్‌ఎస్‌పీ 70 తెల్లకణములకు అపాయఘంట వంటిది. బిడ్డలో సగము తండ్రి అంశ. తల్లి దేహము దానిని పరాయిదని ఎదిరింపకుండుటకు ఆ ఘంట మ్రోగకుండుట మేలని పరిశోధకుల తలంపు. ప్రీఎక్లాంప్సియాలో మాయకు రక్తము సరిగా అందదు. ఒత్తిడికి గురియైన కణములు, చనిపోవు కణములు తమలోని ప్రోటీనును రక్తములోనికి విడుచును. 2009 నాటి పరిశీలనలో దాని హెచ్చుదల కాలేయ కణముల దెబ్బకు, శోథకు సంబంధించిన కొలతలతో కలిసి నడచినది. అది వ్యాధికి కారణమా, ఫలితమా అను తగవు మాత్రము తెగలేదు.

నెలలు నిండక ముందే వచ్చు నొప్పులలో సైతము హెచ్‌ఎస్‌పీ 70 హెచ్చును. అందువలన దీనినిబట్టి ప్రీఎక్లాంప్సియాను మాత్రమే గుర్తించుట కష్టము. రక్తపరీక్షగా పైకి వచ్చినవి మాయ నుండి వెలువడు వేరు రెండు ప్రోటీనులు, ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1, పీఎల్‌జీఎఫ్ అనునవి. అనుమానమున్న గర్భిణిలో వీటి నిష్పత్తి 38 గాని అంతకు తక్కువ గాని యున్నచో రాబోవు వారములో ప్రీఎక్లాంప్సియా రాదని దాదాపు నమ్మవచ్చునని 2016లో తేలినది. మూర్ఛల నివారణకు మెగ్నీషియం సల్ఫేటు కలదు. 33 దేశములలో పదివేలకు పైగా స్త్రీలపై జరిపి 2002లో ప్రకటించిన ప్రయోగమున అది మూర్ఛల ముప్పును సగమునకు మించి తగ్గించినది. వ్యాధి తగ్గుముఖము పట్టుట మాత్రము కాన్పు జరిగి, మాయ వెలువడిన పిమ్మటనే. అప్పుడును కొన్ని దినములు పట్టీ చుట్టి రక్తపుపోటు చూచుచుండవలసినదే. కాన్పు తరువాత మూర్ఛలు వచ్చుట కూడ కద్దు.