ఇరవై ఒకటో రోజు లోపు

"బిడ్డ గుండెకు హోల్ ఉందట." ఇప్పుడు ఈ మాట అర్థంకాని ఊరు లేదు. మన దగ్గర ఇది ఇంతగా వినబడటం మొదలైంది 2004 తర్వాత. అంతకుముందు అలాంటి పిల్లలు పుట్టలేదని కాదు. వైద్యం మన చేతికీ అందుతుందని తెలిసినప్పుడే కదా, జబ్బు పేరు గుర్తుపెట్టుకునేది. 1991లో పుట్టపర్తిలో సత్యసాయి ఆస్పత్రి వచ్చి ఉచితంగా గుండె ఆపరేషన్లు మొదలుపెట్టింది. కానీ వరంగల్ వైపు వాళ్ళకి పుట్టపర్తి అంటే మరో దేశం. 2004లో ముఖ్యమంత్రి అయిన రాజశేఖరరెడ్డి స్వయానా డాక్టర్. పసిపిల్లల గుండె ఆపరేషన్లకి సహాయనిధి నుంచి డబ్బు ఇప్పించాడు. ఆ అనుభవం నుంచే ఆరోగ్యశ్రీ పుట్టింది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై, 2008 జూలైకల్లా రాష్ట్రమంతా వచ్చేసింది. కేసముద్రం మార్కెట్‌కి మిర్చి బస్తాలు మోసే మనిషి తెల్లకార్డు పట్టుకుని హైదరాబాద్ కార్పొరేట్ ఆస్పత్రి మెట్లెక్కాడంటే కారణం అదే. కార్పొరేట్ల జేబులు నింపిందనే విమర్శా నిజమే, ప్రాణాలు నిలిపిందనే మాటా నిజమే. ఒకటి చెప్పడానికి రెండోది దాచక్కర్లేదు.

అయితే "హోల్" అనే మాట మనల్ని కొంత తప్పుదారి పట్టించింది. గుండె గదుల మధ్య గోడకున్న చిల్లు చాలాసార్లు నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ళ తరబడి ఆగుతుంది. కాగితాలు సర్దుకోవచ్చు, పత్తి ఏరడం అయిపోయాక పోవచ్చు. అన్ని గుండె లోపాలూ అలా ఆగవు. పుట్టే ప్రతి వెయ్యిమందిలో ఎనిమిది, తొమ్మిది మందికి ఏదో ఒక గుండె లోపం ఉంటుందని అంచనా. వాళ్ళలో సుమారు ఐదో వంతుకి మొదటి ఏడాదిలోనే ఏదో ఒక చికిత్స కావాలి. కొందరికైతే మొదటి నెలలోనే కావాలి.

ఈ ఆపరేషన్ల చరిత్ర చెప్పేటప్పుడు అందరూ 1944 నవంబర్ 29 దగ్గర మొదలెడతారు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రి, నీలంగా మారిపోయిన 15 నెలల పాప. ఆలోచన హెలెన్ టౌసిగ్‌ది. ఆమెకి వినికిడి పోయింది, పిల్లల గుండెచప్పుడుని వేళ్ళతో తడిమి తెలుసుకునేది. కత్తి పట్టింది ఆల్ఫ్రెడ్ బ్లేలాక్. ఆయన వెనక పీట వేసుకుని నిలబడి ఏ కుట్టు ఎలా వెయ్యాలో చెప్పినవాడు వివియెన్ థామస్ అనే నల్లజాతి టెక్నీషియన్. కుక్కల మీద ఆ ఆపరేషన్ చేసిచేసి సాధించినవాడు అతనే. జీతాల లెక్కలో మాత్రం అతన్ని చాలాకాలం ఊడ్చే పనివాళ్ళ తరగతిలోనే ఉంచారు. గౌరవ డాక్టరేట్ 1976లో వచ్చింది. ఎవరి చేతులు, ఎవరి పేరు అన్న పేచీ ఈ విద్యకి పుట్టుకతోనే ఉంది.

రోజుల బిడ్డకి ఈ విద్య పూర్తిగా అందడానికి ఇంకో ముప్ఫై ఏళ్ళు పట్టింది. గుండె నుంచి బయల్దేరే రెండు పెద్ద రక్తనాళాలు ఒకదాని చోట ఒకటి అమరిన బిడ్డని ఊహించుకోండి. చెడు రక్తం ఒళ్ళంతా తిరుగుతుంది, మంచి రక్తం ఊపిరితిత్తులకే తిరిగిపోతుంది. 1966లో రాష్కిండ్ బెలూన్‌తో గుండె పై గదుల మధ్య దారి పెద్దది చేశాడు. 1975లో బ్రెజిల్‌లో జటేనె ఆ రెండు నాళాలనీ కోసి, చోట్లు మార్చి కుట్టాడు. 1970ల మధ్యలోనే ప్రోస్టాగ్లాండిన్ మందు వాడకంలోకి వచ్చింది. నా దృష్టిలో అసలు మలుపు ఈ మందే. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకి డక్టస్ అనే ఒక అడ్డదారి నాళం తెరిచి ఉంటుంది. పుట్టాక కొద్ది రోజుల్లో మూసుకుపోతుంది. కొన్ని లోపాలున్న బిడ్డలకి ప్రాణం ఆ దారి మీదే ఆధారపడి ఉంటుంది. డ్రిప్‌లో ఈ మందు ఎక్కితే దారి తెరుచుకునే ఉంటుంది. అంటే, ఆస్పత్రికి చేరేదాకా టైమ్ దొరుకుతుంది.

ఇప్పుడు కేసముద్రం వద్దాం. ప్రసవమైన రెండు మూడు రోజులకి తల్లీబిడ్డలు ఇంటికొస్తారు. బిడ్డ బాగానే ఉంటుంది. ఐదో రోజో ఆరో రోజో "పాలు తాగుతలేదు" అంటుంది అమ్మమ్మ. ఎగపోస్తుంది, చెమట పడుతుంది. నిమ్ము చేసిందంటారు, దిష్టి తీస్తారు. వాళ్ళది మూఢత్వం అనేవాళ్ళు ఒక్క విషయం గమనించాలి: ఎకో తియ్యకుండా చూస్తే డాక్టర్‌కి కూడా ఇది నిమ్ములాగో ఇన్ఫెక్షన్‌లాగో కనిపించొచ్చు. అక్కణ్ణుంచి మహబూబాబాద్, వరంగల్ ఎంజీఎం, ఆపైన హైదరాబాద్. 2005 ఆగస్టు 15న మొదలైన 108 బండి దారి ఖర్చు తప్పించింది, దూరాన్ని కాదు. 2024 సెప్టెంబర్ 1 వరదకి ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింద కంకర కొట్టుకుపోయి కొన్ని రోజులు రైళ్ళే ఆగిపోయాయి. ఒళ్ళు చల్లబడి, రక్తంలో ఆమ్లం పెరిగి, ఇన్ఫెక్షన్‌తో టేబుల్ ఎక్కిన బిడ్డ, అదే ఆస్పత్రిలో పుట్టి డ్రిప్‌తో టేబుల్ ఎక్కిన బిడ్డ ఒక్కటి కాదు. సర్జన్ ఒకరే కావచ్చు.

నాళాలు తారుమారైన బిడ్డకి సాధారణంగా రెండు మూడు వారాల్లోపే ఆపరేషన్ జరగాలి. ఆ తర్వాత ఎడమ గది బలం తగ్గిపోతూ వస్తుంది. మన ఇళ్ళలో ఉయ్యాలలో వేసి పేరు పెట్టేది ఇరవై ఒకటో రోజున. ఆలోపు పోయిన బిడ్డకి పేరు ఉండదు. "ఫలానా ఆమె బిడ్డ" అంతే.

మంచి కేంద్రాల్లో ఈ ఆపరేషన్ చేయించుకున్న నూరుమందిలో తొంభై ఐదుమందికి పైగా బతుకుతున్నారు. ఆ లెక్క అబద్ధం కాదు. కానీ అది టేబుల్ దాకా చేరినవాళ్ళ లెక్క. నెక్కొండ దాటకముందే పోయిన బిడ్డ ఏ ఆస్పత్రి లెక్కనీ పాడుచెయ్యదు. బీదవాళ్ళ బిడ్డలకి ఫలితాలు ఎందుకు తక్కువ అని ఆపరేషన్ థియేటర్‌లో వెతికితే సగమే దొరుకుతుంది.

తెలంగాణలో కార్డు పరిమితి 2023 డిసెంబర్ 9న పది లక్షలైంది. మంచిదే. డబ్బు కన్నా ముందు కావలసింది మాత్రం జబ్బుందని తెలియడం. 2022లో ప్రభుత్వ ఆస్పత్రులకి టిఫా స్కాన్ మిషన్లు ఇచ్చారు. అయిదో నెలలోనే లోపం కనబడితే తల్లి హైదరాబాద్ వెళ్ళి కాన్పు చేయించుకోవచ్చు, కడుపుని మించిన అంబులెన్స్ లేదు. అయితే మిషన్ ఉంటే చాలదు, బిడ్డ గుండెని చదవగల కళ్ళుండాలి. కేరళ 2017లో హృద్యం పథకం పెట్టి, లోపమున్న బిడ్డల పేర్లు ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుని, మంచం ఎక్కడుందో చూసి పంపడం మొదలుపెట్టింది.

ఇంకోటి, బిడ్డ పుట్టాక చేసే పరీక్ష. నవజాత శిశువులందరికీ ఆక్సిజన్ కొలవాలని అమెరికా 2011లో సిఫారసు చేసింది. కుడిచేతికి, ఒక పాదానికి ప్రోబ్ చుట్టి చూస్తారు, కొన్ని నిమిషాల పని. లోపాలన్నీ పట్టుకోదు, ప్రాణాంతకమైనవి చాలానే పట్టుకుంటుంది. కొవిడ్ పుణ్యమా అని ఆక్సీమీటర్ ఇప్పుడు ఆశా కార్యకర్త సంచీలోనూ కిరాణాకొట్టు గల్లాపెట్టె పక్కనా ఉంది. అది పెద్దవాళ్ళ వేలికి పెట్టే క్లిప్పు. పసిబిడ్డ పాదానికి చుట్టేది వేరే, బ్యాండేజీ ముక్కంత ఉంటుంది.