స్టాకు రిజిస్టరు నుండి యూడైస్ ప్లస్ దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు అడిగితే, నాకు చప్పున గుర్తుకొచ్చింది బడి స్టాకు రిజిస్టరు.

1959 చట్టంతో జిల్లా పరిషత్తులు ఏర్పడి, పూర్వపు జిల్లా బోర్డు హైస్కూళ్ళు వాటి క్రిందికి వచ్చాయి. లెక్కలు లోకల్ ఫండ్ ఆడిట్ వారు చూసేవారు. అటువంటి ఒక హైస్కూలులో నేను 1972లో గుమాస్తాగా చేరాను. రిజిస్టరులో ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క పేజీ. తేదీ, బిల్లు నంబరు, వచ్చినవి, పోయినవి, నిల్వ, చివర హెడ్మాస్టరు గారి పొట్టి సంతకం. తప్పు పడితే చెరపరాదు, పైన దిద్దరాదు. గీత కొట్టి, ప్రక్కన సరైన అంకె వేసి, సంతకం చేయించాలి. ఏడాదికొకసారి సామాను ఎదుట పెట్టుకుని లెక్క సరిచూడాలి.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. మా బడి బల్లలు, ప్రయోగశాల సామాను, పుస్తకాలు కొట్టుకుపోయాయి. తడిసి ముద్దయిన రిజిస్టరును ఎండబెట్టి, పాత నిల్వలనే కొత్త పుస్తకంలోకి ఎత్తి రాశాను. ఊరంతా శోకంలో ఉండగా బల్లల లెక్క ఎవరికి పట్టింది? పోయినట్లు ఒక్క ముక్క రాయలేదు. తప్పు నాదే.

కొన్నేళ్ళకు ఆ హెడ్మాస్టరు గారు రిటైరయ్యారు. సామాను తక్కువున్నదని ఆడిట్ అభ్యంతరం రావడంతో గ్రాట్యుటీ ఆగిపోయింది. "ఏమయ్యా, సముద్రం తీసుకుపోయిన బల్లలకు నేను డబ్బు కట్టాలా?" అని మా ఇంటికొచ్చి అడిగారు. జరిగినదంతా వ్రాతపూర్వకంగా ఇచ్చాను. ఆ మొత్తం మాఫీ కావడానికి ఏడాదిన్నర పట్టింది. అంతవరకు ఆయన ముఖం చూడలేకపోయాను.

తరువాత కంప్యూటర్లు వచ్చాయి. 1995 ప్రాంతంలో ఢిల్లీలోని నీపా సంస్థ 'డైస్' పద్ధతిని రూపొందించింది. సెప్టెంబరు 30 నాటి వివరాలను బడిలో ఫారంలో నింపితే, పైకార్యాలయంలో కంప్యూటరుకెక్కించేవారు. 2012-13లో ప్రాథమిక, మాధ్యమిక లెక్కలు కలిసి 'యూడైస్' అయింది. 2018-19 నుండి 'యూడైస్ ప్లస్' పేరుతో వివరాలు నేరుగా వెబ్‌లోకే ఎక్కుతున్నాయి.

మా కోడలు ఉపాధ్యాయురాలు. ఆమె గదులు, ఫర్నిచరు, గ్రంథాలయ పుస్తకాలు, కంప్యూటర్ల వివరాలు ఎక్కిస్తుంటే అడిగాను: "పోయినవి ఎందుకు పోయాయో ఎక్కడ రాస్తావమ్మా?"

"ఇది ఇప్పుడెన్ని ఉన్నాయో అడుగుతుంది మామయ్యగారూ! ఎందుకు తగ్గాయో మన స్టాకు రిజిస్టరులోనే రాసుకోవాలి" అంది.

నాకు ఉప్పెన గుర్తుకొచ్చింది. రేపు బడి సామాను లెక్కను పూర్తిగా వెబ్‌లోకి మార్చేవారు మన పాత నియమాలను వదలకూడదు. ప్రతి వస్తువుకు నంబరు ఉండాలి. ఎవరు, ఎప్పుడు రాశారో నిలవాలి. దిద్దినా పాత అంకె కనబడాలి. నిల్వ తగ్గితే కారణం రాయనిదే ముందుకు సాగకూడదు.

మీ ఇళ్ళలో బడి ఉద్యోగులుంటే ఒక్క మాట చెప్పండి. పోయిన వస్తువును పోయిన నాడే రాసిపెట్టమనండి. ఆ ఒక్క పంక్తి ఎవరి పింఛను కాగితాలనో కాపాడుతుంది.